ముగ్గురు టెక్నీషియన్లు, ఒకే మైక్రోమీటర్: పోల్చి చూడటానికి ఏది మేలు?

క్యాలిబ్రేషన్ ల్యాబులకు, అంటే కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చే ల్యాబులకు, అసెస్‌మెంట్ (ల్యాబు పనితీరు తనిఖీ) తేదీ ఖరారైందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చెన్నైలోని అంబత్తూరు, గిండీ ల్యాబుల్లో పనిచేసే మన తెలుగువాళ్లు కొందరు, తడ దగ్గర శ్రీసిటీ కంపెనీల సొంత ల్యాబుల్లో ఉన్నవాళ్లు కొందరు. అడిగేది మాత్రం ఒకటే. “సార్, టెక్నీషియన్ల మధ్య తేడా ఎంతో చూపించమంటున్నారు. జీఆర్‌ఆర్ చేస్తే సరిపోతుందా, ఈఎన్ లెక్క కట్టాలా, కంట్రోల్ చార్టు పెట్టాలా?” జీఆర్‌ఆర్ అంటే అవే ముక్కలను కొందరి చేత మళ్లీ మళ్లీ కొలిపించి తేడా లెక్కగట్టడం. ఈఎన్ అంటే రెండు ఫలితాల తేడాను వాటి అనిశ్చితితో (కొలత ఎంతమేర అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెతో) పోల్చడం. కంట్రోల్ చార్టు అంటే ఒకే వస్తువు కొలతలను వరసగా చుక్కలు పెడుతూ, హద్దు గీతలు దాటుతున్నాయేమో చూసుకోవడం. నిరుడు ఈ ప్రశ్న మా ల్యాబు మెడకే చుట్టుకుంది. అప్పుడు తేలిన సంగతులు ఫోనులో ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టడం నయమనిపించింది.

జీఆర్‌ఆర్ తప్పనిసరేమో అన్న భయం ముందు తీసేద్దాం. ల్యాబులు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17025, దాని 2017 ప్రతిలో 7.7 క్లాజు, ఫలితాలు నమ్మదగినవేనని చూసుకోవడానికి 11 దారులు చెప్పి, మీ పనికి తగినవి ఎంచుకోమంటుంది. చెక్ స్టాండర్డు (అప్పుడప్పుడు కొలిచి చూసుకోవడానికి ల్యాబులో పెట్టుకునే వస్తువు) మీద కంట్రోల్ చార్టు, దాచి ఉంచిన వస్తువును మళ్లీ కొలవడం, ల్యాబు లోపలి పోలిక, ఏదో చెప్పకుండా ఇచ్చే బ్లైండ్ శాంపిల్ అన్నీ ఆ వరసలో ఉన్నాయి. జీఆర్‌ఆర్ అన్న మాట మాత్రం అందులో లేదు. అది వాహన పరిశ్రమ మనకు అంటించిన అలవాటు. శ్రీపెరంబుదూరు నుంచి ఒరగడం దాకా కార్ల ఫ్యాక్టరీలూ వాటికి విడిభాగాలు చేసిపెట్టే కంపెనీలే మన కస్టమర్లు కాబట్టి, వాళ్ల మాటలే మన నోటికీ వచ్చేశాయి.

మేమూ జీఆర్‌ఆర్‌తోనే మొదలుపెట్టాం. 75–100 మి.మీ. మధ్య కొలిచే డిజిటల్ మైక్రోమీటర్, లీస్ట్ కౌంట్ (చూపగల అతి చిన్న తేడా) 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పది సైజులకు స్లిప్ గేజ్‌లు (ఒకదానికొకటి అతికించి కావలసిన పొడవు తెచ్చుకునే కచ్చితమైన ఉక్కు దిమ్మెలు), ముగ్గురు టెక్నీషియన్లు, ఒక్కొక్కరు మూడేసి సార్లు, మొత్తం 90 రీడింగులు. రోజు గడిచేసరికి లెక్క తేలింది. ముగ్గురి మధ్య తేడా, ఒక్కొక్కరి చేతిలో వచ్చే తేడా అన్నీ కలిపినా ప్రామాణిక విచలనం (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 0.3 మైక్రాన్. కాగితం ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఫైల్లో పెట్టి ఊపిరి పీల్చుకున్నాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. జీఆర్‌ఆర్ శాతం 10 లోపుంటే మంచిది, 30 దాటితే పనికిరాదు అని అందరికీ కంఠతా వచ్చు. కానీ శాతం దేనిలో? మా పది ముక్కలు 77.5 నుంచి 100 మి.మీ. వరకు పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య విచలనం ఏడు మిల్లీమీటర్ల పైమాటే. దానితో 0.3 మైక్రాన్‌ను పోలిస్తే 0.01 శాతం కూడా రాదు. అదే 0.3 మైక్రాన్‌ను, మైక్రోమీటర్‌కు అటూ ఇటూ 5 మైక్రాన్లు అనుమతిస్తామనుకుని ఆ 10 మైక్రాన్ల వెడల్పుతో పోలిస్తే, ఆరు రెట్ల విచలనం 1.8 కాబట్టి 18 శాతం. పది ముక్కలూ ఒకే సైజువి తెచ్చి ఉంటే దాదాపు నూటికి నూరు. చేతులూ అవే, మైక్రోమీటరూ అదే. జవాబు మాత్రం మనం ఏరుకున్న ముక్కల్ని బట్టి మారుతుంది. ఫ్యాక్టరీలో ముక్కలు నిజంగా తయారీ నుంచి వస్తాయి, టాలరెన్సు డ్రాయింగు మీద ఉంటుంది. అక్కడ ఈ శాతానికి అర్థముంది. క్యాలిబ్రేషన్ ల్యాబులో తయారీ ఎక్కడిది?

ఇంకో సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు, నిజమే. మనుషుల మధ్య తేడా ఎంతో చెప్పడానికి ముగ్గురు చాలరు. 90 రీడింగులున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకుంటాం గానీ, మనుషుల తేడా అన్న అంచనా నిలబడేది మూడు సగటుల మీదే. ఒక్కొక్కరి చేత వందసార్లు కొలిపించినా ఆ మూడు నాలుగు కావు.

ఇవన్నీ పుస్తకంలో దొరికే అభ్యంతరాలే. నా మనసు మార్చింది వేరు.

జీఆర్‌ఆర్ చేసిన రోజు ఉదయమే మా సీనియర్, కాళహస్తి ఆయన, స్లిప్ గేజ్‌లు శుభ్రం చేసి, 75 మి.మీ. గేజ్ మీద మిగతావాటిని జార్చి అతికించి, సర్ఫేస్ ప్లేటు మీద వరసగా పేర్చారు. మైక్రోమీటర్‌ను స్టాండుకు బిగించి 75 సెట్టింగ్ రాడ్డు మీద జీరో చేసి పెట్టారు. ఆ తర్వాత గంటన్నరకు పని మొదలైంది. ఇక ముగ్గురూ చేసిందేమిటి? రాచెట్ (మైక్రోమీటర్ చివర తిప్పే పిడి) తిప్పడం, అంకె చదవడం. ఎవరి చేతిలోనైనా రాచెట్ ఒకే బలం దగ్గర జారుతుంది, దాన్ని పెట్టిందే అందుకు. అంకె తెర మీద కనిపిస్తుంది. తేడా రావడానికి చోటెక్కడుంది? మేం కొలిచింది మైక్రోమీటర్ స్ప్రింగును, టెక్నీషియన్లను కాదు.

నెల తర్వాత ఇంకో పని చేశాను. అదే రకం మైక్రోమీటర్ మా దగ్గర మరొకటి ఉంది. దాన్ని కస్టమర్ పంపినట్టే పెట్టెలో పెట్టి, రిసెప్షన్‌లో జాబ్ నంబరు వేయించి, వారానికొకరి బల్ల మీదికి పంపాను. ప్రతిసారీ వేరే జాబ్ నంబరు, వేరే ట్యాగు. 100 మి.మీ. దగ్గర లోపం సూళ్లూరుపేట అమ్మాయి కొలతలో +1 మైక్రాన్, గూడూరు కుర్రాడి కొలతలో +4, సీనియర్ కొలతలో +1.

అందరూ గూడూరు కుర్రాడి వైపే చూశారు. పాపం వాడు నా దగ్గరకొచ్చి, “సార్, లోపం నా చేతిలోనే ఉందంటారా?” అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక పూటంతా నేనూ అదే అనుకున్నాను. మర్నాడు ముగ్గురి పక్కనా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

సూళ్లూరుపేట అమ్మాయి ఉదయం లోకల్ రైల్లో వస్తుంది. రాగానే గేజ్‌లు అతికించి పక్కన పెట్టి, కాగితాల పని చూసుకుని, గంట తర్వాత కొలత మొదలుపెడుతుంది. గూడూరు కుర్రాడి బల్ల మీద ఆ రోజు తొమ్మిది జాబులున్నాయి. వట్టి చేతుల్తో గేజ్‌లు అతికించి వెంటనే కొలిచేశాడు. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. అంటే 100 మి.మీ. దొంతరకు డిగ్రీకి 1.15 మైక్రాన్. గది 20 డిగ్రీలే, కానీ వేళ్లు 30 దాటి ఉంటాయి. అతికించేటప్పుడు దొంతర రెండున్నర డిగ్రీలు వేడెక్కితే చాలు, మూడు మైక్రాన్ల లెక్క సరిపోయింది. థర్మామీటర్ గది గాలిని చూపిస్తోంది, గేజ్ ఒంట్లో వేడిని కాదు.

మరి సీనియర్? ఆయనా అతికించిన వెంటనే కొలిచారు. అయితే మామూలు జాబులకు ఆయన స్టాండు వాడరు. పద్నాలుగేళ్ల అలవాటు, మైక్రోమీటర్ ఫ్రేము అరచేతిలోనే ఉంటుంది. చేతి వేడికి ఫ్రేము సాగి మొనల మధ్య ఎడం పెరుగుతుంది, రీడింగు తగ్గుతుంది. గేజ్ వేడి రీడింగును పెంచింది, ఫ్రేము వేడి తగ్గించింది. రెండు తప్పులూ కలిసి +1 దగ్గర ఒప్పయ్యాయి. అందరికన్నా నమ్మకమైన అంకె అనుకున్నది అందరికన్నా పెద్ద అదృష్టం. ఆయన నవ్వేసి, “ఇన్నాళ్లూ చేతివాటం అనుకున్నానండీ, చేతివేడి అన్నమాట” అన్నారు.

ఏది మేలు అని అడిగేవారికి అందుకే నేను మొదట అడిగే ఎదురు ప్రశ్న ఒకటుంది: మీ పద్ధతిలో టెక్నీషియన్ పని ఎక్కడి నుంచి మొదలవుతుంది? పెట్టె మూత తీయడం నుంచా, అన్నీ అమర్చిన బల్ల నుంచా? మనుషుల మధ్య తేడా ఉండేది అంకె చదివే చోట కాదు. తుడవడంలో, అతికించడంలో, ఎంతసేపు ఆగాలో తేల్చుకోవడంలో, జీరో ఎప్పుడు చూసుకోవాలో అన్నదానిలో. ఆ భాగం కోసేసిన పోలిక ఎన్ని రీడింగులు తీసుకున్నా నాకు ఒకటే. ముగ్గురి చేతా మూడుసార్లూ మొదటి నుంచి అన్నీ చేయిస్తూ జీఆర్‌ఆర్ చేయవచ్చు కదా అంటారేమో. చేయవచ్చు, చాలా మంచిది. ఒక్క మైక్రోమీటర్‌కు వారం పడుతుంది. అలా చేసిన ల్యాబును నేనింకా చూడలేదు.

ఈఎన్ సంగతికి వద్దాం. ల్యాబుల మధ్య పోలికకు ఇది చక్కని కొలమానం. ఇద్దరి ఫలితాల తేడాను, ఇద్దరి అనిశ్చితుల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగిస్తాం. జవాబు ఒకటి లోపుంటే సరే. ల్యాబుల మధ్య బాగా పనిచేసే ఈ లెక్కనే తెచ్చి మన టెక్నీషియన్ల మీద పెడుతున్నారు. చాలామంది గమనించనిది ఇక్కడే ఉంది. రెండు ల్యాబులకు వేర్వేరు మాస్టర్లు (పోల్చి చూసుకునే ప్రామాణిక గేజ్‌లు) ఉంటాయి, వేర్వేరు గదులు ఉంటాయి. మన టెక్నీషియన్లు ఇద్దరూ వాడేది ఒకే స్లిప్ గేజ్ సెట్టు, ఒకే థర్మామీటర్, ఒకే వ్యాకోచ గుణకం. గేజ్ సర్టిఫికెట్‌లో తప్పుంటే ఇద్దరికీ ఒకేలా వస్తుంది, తేడాలో కనిపించనే కనిపించదు. అయినా దాన్ని హారంలో రెండుసార్లు వేస్తున్నాం.

మా అంకెలతోనే చూడండి. ఆ సైజుకు మా సీఎంసీ, అంటే మా ల్యాబు ఇవ్వగలనని చెప్పుకునే అతి తక్కువ అనిశ్చితి, 2.5 మైక్రాన్లు. ఇద్దరికీ 2.5 వేస్తే హారం 3.54. తేడా 3. ఈఎన్ 0.85, పాస్! గేజ్‌ను వేడి చేతుల్తో పట్టుకుని కొలిచిన కుర్రాడు దర్జాగా గట్టెక్కాడు. ఉమ్మడి భాగాలను, సీఎంసీలో కాస్త ధారాళంగా వేసుకున్న మార్జిన్‌ను తీసేసి, రిపీటబిలిటీ (మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా), రెజల్యూషన్ (తెర చూపగల అతి చిన్న అంకె) మాత్రమే ఉంచితే ఒక్కొక్కరికి విస్తృత అనిశ్చితి 0.9 మైక్రాన్. హారం 1.27. ఈఎన్ 2.4 దాకా వెళ్లింది. రెండు లెక్కల్లో ఏది నిజం చెబుతోందో మీరే చూడండి. సీఎంసీ ఎంత పెద్దదైతే టెక్నీషియన్లు అంత బాగా కలిసినట్టు కనిపించే పోలిక వల్ల ఒరిగేదేమీ లేదు. ఈఎన్ వాడండి, నేనూ వాడతాను. హారంలో ఏం వేశారో మాత్రం ఫైల్లో రాసి పెట్టండి. అసెసర్ అడిగితే సంతోషంగా చెప్పవచ్చు. తెలిసిన అసెసర్ అయితే తప్పక అడుగుతారు.

కంట్రోల్ చార్టు అంటే నాకు ఇష్టమే. 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన రోజు నుంచి ఇప్పటిదాకా దానంత చవకైన కాపలాదారు దొరకలేదు. చెక్ స్టాండర్డును వారానికోసారి కొలిచి చుక్క పెట్టడమే కదా. పరికరం మెల్లగా జరిగిపోతుంటే మొదట చెప్పేది చార్టే. టెక్నీషియన్ల విషయంలో మాత్రం రెండు చోట్ల మోసపోతాం. ముగ్గురి చుక్కలనూ కలిపేసి వాటి నుంచే మూడు సిగ్మాల (విచలనానికి మూడు రెట్ల దూరంలో) గీతలు గీస్తే, మనుషుల మధ్య తేడా ఆ గీతల వెడల్పులోనే కలిసిపోతుంది. గీత దాటే చుక్క ఉండదు. దీనికి మందు సులువు: ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఎర్రచుక్కలన్నీ పైన, పచ్చచుక్కలన్నీ కింద కనిపిస్తే ఏ సూత్రమూ అక్కర్లేదు.

రెండోదానికి మందు లేదు. చెక్ స్టాండర్డు విలువ అందరికీ తెలుసు. గోడ మీద చార్టు, దాని మీద మధ్య గీత. రీడింగు కాస్త దూరంగా వస్తే మనిషి ఏం చేస్తాడు? మళ్లీ తుడుస్తాడు, మళ్లీ కొలుస్తాడు. దగ్గరగా వస్తే? రాసేస్తాడు. ఇందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. జవాబు ముందే తెలిసిన లెక్కను ఎవరైనా అలాగే చేస్తారు. కస్టమర్ మైక్రోమీటర్‌కు ఆ రెండో తుడుపు ఉండదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. పీటీకి, అంటే ఒకే వస్తువును చాలా ల్యాబులకు పంపి పోల్చే పరీక్షకు, వెళ్లాల్సిందే, తప్పదు. కానీ కొలవమని వచ్చిన ఆ వస్తువును ఏ ల్యాబైనా బాగా చేయి తిరిగినవారికే ఇస్తుంది, కాబట్టి అది ల్యాబు గురించి చెబుతుంది గానీ ల్యాబులోని ముగ్గురి గురించి కాదు. పక్కన కూర్చుని చూడటం, అంటే విట్నెసింగ్, కారణం వెతకడానికి దివ్యమైన పద్ధతి. తేడా ఉందో లేదో కనిపెట్టడానికి పనికిరాదు, మేనేజర్ పక్కనుంటే చాలామంది మామూలుకన్నా జాగ్రత్తగా చేస్తారు. ఎలక్ట్రికల్ విభాగం వారికి ఇంత తలనొప్పి అక్కర్లేదు. క్యాలిబ్రేటర్, మల్టీమీటర్, సాఫ్ట్‌వేర్ మధ్య మనిషికి మిగిలే పని వార్మప్ సమయం, కేబుళ్లు, తక్కువ వోల్టేజీల దగ్గర టెర్మినళ్లను వేళ్లతో వేడెక్కించకపోవడం. రంగుల చార్టు చాలు.

నేను మొగ్గేది ఎటో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది: దాచిన వస్తువును, చెప్పకుండా, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ కొలిపించడం. ఇది నల్లేరు మీద బండి నడక మాత్రం కాదు. చిన్న ల్యాబులో అన్నీ అందరికీ తెలుసు. మూడోసారి అదే పరికరం వస్తే గీతలు చూసి గుర్తుపడతారు. అందుకే ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి రెండు మూడు ఉండాలి. పాత రాడేటా షీటు (రీడింగులు రాసుకున్న కాగితం) టెక్నీషియన్‌కు కనిపించకూడదు. రిసెప్షన్‌లో ఉండేవారిని నమ్మి రహస్యం చెప్పక తప్పదు. బయటి వేడి సంగతీ చూసుకోవాలి: మే నెలలో శ్రీసిటీ నుంచి వ్యానులో వచ్చిన పెట్టె, మన అలమరలో 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్న పెట్టె ఒకటి కావు. నేను ఆ మైక్రోమీటర్‌ను ముందు రోజు రాత్రి స్టోర్ రూములో, ఏసీ లేని చోట ఉంచుతాను. కస్టమర్ పెట్టె ఎలా వస్తుందో అలాగే రావాలి కదా.

“చెప్పకుండా పరీక్షిస్తే నమ్మకం పోదా?” అని ఒక మిత్రుడు అడిగాడు. పోతుంది, శిక్ష ఉంటే. గ్రీన్‌విచ్ ఖగోళశాలలో నెవిల్ మాస్కెలిన్ 1796లో తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్‌ను ఉద్యోగం నుంచి తీసేశాడు. నక్షత్రం టెలిస్కోపు తీగను దాటే క్షణాన్ని ఇతను తనకన్నా సుమారు 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడని ఫిర్యాదు. పాతికేళ్ల తర్వాత బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త చూస్తే, అనుభవజ్ఞులైన పరిశీలకుల మధ్య కూడా అలాంటి తేడా ఉంది, తనతో సహా. నాకు ఈ కథలో ఎప్పుడూ ఒకటే అనుమానం: మాస్కెలిన్ కొలత సరైనదని ఎవరు చెప్పారు? మా గూడూరు కుర్రాడిని మేం నిలబెట్టి అడిగిన పూటంతా సీనియర్ గారి +1నే కదా కొలబద్దగా పట్టుకున్నాం.

కాబట్టి మా ల్యాబులో జనవరిలోనే అందరికీ చెప్పేస్తాం: ఏడాదిలో ఒక్కొక్కరికి మూడు జాబులు ఇలా వస్తాయి, ఎప్పుడో చెప్పం. నేనూ అందులో ఉంటాను. తేడా వస్తే మొదట ప్రొసీజరు దిద్దుతాం. మైక్రోమీటర్ ప్రొసీజరులో ఇప్పుడు రెండు వాక్యాలు కొత్తగా చేరాయి: అతికించాక కనీసం గంట ఆగాలి, 50 మి.మీ. దాటితే స్టాండు తప్పనిసరి. ఆ తర్వాత కొలిస్తే ముగ్గురి మధ్య తేడా 1.2 మైక్రాన్లకు దిగింది. ఇంకా తగ్గలేదు. తగ్గనిదాన్ని దాచుకోకుండా అనిశ్చితి బడ్జెట్‌లో (అనిశ్చితికి కారణాలన్నీ లెక్కేసే పట్టికలో) వేశాం: సగం వెడల్పు 0.6, దాన్ని మూడుకు వర్గమూలంతో భాగిస్తే 0.35 మైక్రాన్. ఒక కొత్త వరుస, అంతే. సీఎంసీ కూడా మారలేదు, అందులో అంత చోటుంది.

జీఆర్‌ఆర్ మానేశామా అంటే లేదు. కస్టమర్ తన ఫ్యాక్టరీ గేజ్‌కు అడిగితే చేసిస్తాం. కొత్త పరికరం కొనే ముందు రెండు మోడళ్లను పోల్చడానికి కూడా బాగుంటుంది. టెక్నీషియన్ల ఫైల్లోంచి మాత్రం ఆ అందమైన కాగితాన్ని తీసేశాను.

వచ్చే నెల ప్రెషర్ గేజ్‌ల వంతు. 10 బార్ డయల్ గేజ్. ముల్లు చదివే ముందు అద్దం మీద వేలితో తట్టేవారెవరో, తట్టనివారెవరో చూడాలి. మైక్రోమీటర్‌కు మాత్రం ఇంకోటి కొనక తప్పేట్టు లేదు. మొన్న పెట్టె తెరవగానే గూడూరు కుర్రాడు థింబుల్ (మైక్రోమీటర్‌లో తిరిగే గొట్టం) మీద గీతను చూసి, ఏమీ ఎరగనట్టు గేజ్‌లు అతికించి, గడియారం చూసుకుని, టీకి వెళ్లాడు.